పాత లేత్, పాత డ్రిల్లు, పాత గ్రైండరు: గోదావరి డెల్టాలో కొనుగోలు నుంచి వాడకం దాకా

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రావులపాలెం వంటి ఊళ్ళలో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నవారికి పనికి కొరత ఉండదు. రొయ్యల చెరువుల ఏరియేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) షాఫ్టులు, పంపుల బుష్‌లు, రైసు మిల్లుల పుల్లీలు, ట్రాక్టర్ల దమ్ము చక్రాలు, వరికోత యంత్రాల పిన్నులు ఏడాది పొడవునా బాగుకు వస్తూనే ఉంటాయి. అయితే ఈ పనులన్నిటికీ కావలసిన యంత్రాలను కొత్తవిగా కొనడం చిన్న పెట్టుబడిదారుకు మోయలేని భారం. అందుకే మన ప్రాంతంలో చాలా వర్క్‌షాపులు చేతులు మారిన యంత్రాలతోనే మొదలవుతాయి.

అరుగుదల లేని పాత యంత్రం ఉండదు. ఆ అరుగుదల బజారులో దొరికే భాగంలో ఉందా, లేక యంత్రం ఒంట్లోనే ఉందా అన్నది కొనేవారు తేల్చుకోవాలి. బేరింగులు, బెల్టులు, కార్బన్ బ్రష్‌లు, స్విచ్చి, చివరికి మోటారు సైతం మార్చుకోగలిగినవే. లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) బెడ్డు, అంటే దాని పొడవాటి పీఠం, పనిముక్కను తిప్పే ఇరుసైన స్పిండిల్ లోపలి టేపరు (క్రమంగా సన్నబడే రంధ్రం), డ్రిల్లు మిషను తల పోత అలాంటివి కావు. మొదటి రకం లోపం బేరానికి పనికొస్తుంది. రెండో రకం కనిపిస్తే ఎంత చవకగా ఇస్తామన్నా వదిలేయడమే మేలు. కింద చెప్పే పరీక్షలన్నీ ఈ రెండింటినీ వేరు చేయడానికే.

మొదటి మెట్టు: యంత్రాన్ని కాదు, పనిని కొలవండి

యంత్రం చూడడానికి వెళ్ళే ముందు, మీ దగ్గరకు వచ్చే పనులలో అతి పెద్ద వ్యాసం, అతి పొడవైన షాఫ్టు, తరచుగా వాడే లోహం, కోయవలసిన మరల రకం ఒక కాగితం మీద రాసుకోండి. మన దగ్గర లేత్‌ను బెడ్డు పొడవుతో పిలుస్తారు. ఆరడుగుల లేత్ అంటే ఆరడుగుల షాఫ్టు పడుతుందని కాదు. షాఫ్టును రెండు కొసలలో పట్టే మొనల (సెంటర్ల) మధ్య దొరికే దూరం అందులో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే ఉంటుంది. పొడవైన ఏరియేటర్ షాఫ్టు చివర పని చేయాలంటే బెడ్డు పొడవు కంటే స్పిండిల్ రంధ్రం ముఖ్యం. షాఫ్టు ఆ రంధ్రం గుండా వెనక్కి దూరగలిగితే చిన్న లేత్ మీద కూడా పని జరుగుతుంది, దూరకపోతే పెద్ద లేత్ ఉన్నా ఇబ్బందే.

మీ మీటరు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్నది కూడా ఇప్పుడే రాసుకోండి. యంత్రం ఇంటికి వచ్చాక ఈ సంగతి ఆలోచించేవారు ఎక్కువ ఖర్చు పెట్టవలసి వస్తుంది.

రెండో మెట్టు: ఎక్కడ, ఏది వెతకాలి

విజయవాడ ఆటోనగర్, రాజమహేంద్రవరం, కాకినాడలలో పాత యంత్రాల వ్యాపారులు ఉన్నారు. ప్రభుత్వ రంగ సంస్థల పాత యంత్రాలు ఎంఎస్‌టీసీ (కేంద్ర ప్రభుత్వ రంగ వేలం సంస్థ) వారి ఆన్‌లైన్ వేలంలో వస్తాయి. ఆ వేలంలో సరుకును ఉన్నచోట ఉన్నట్టుగానే అమ్ముతారు కనుక, పాడే ముందు స్వయంగా వెళ్ళి చూడాలి. పన్ను, తరలింపు గడువు, గడువు దాటితే పడే రుసుము షరతులలో రాసి ఉంటాయి, వాటిని పూర్తిగా చదవాలి. నా దృష్టిలో అన్నిటికంటే మంచి చోటు, యజమాని వయసు మీద పడి మూసేస్తున్న వర్క్‌షాపు. అక్కడ యంత్రం కరెంటుతో, పని చేసే స్థితిలో కనిపిస్తుంది. దానితో పాటు చక్‌లు (స్పిండిల్ కొసన పనిముక్కను పట్టే దవడల పట్టులు), గేర్లు, బిట్లు, ఏళ్ళ తరబడి పోగుచేసిన చిన్న సామాను కూడా దొరుకుతుంది. వ్యాపారి గోడౌనుకు చేరేసరికి ఈ సామాను విడిపోయి వేరువేరుగా అమ్ముడవుతుంది. విడిగా కొంటే చక్, స్టెడీ (పొడవైన షాఫ్టుకు ఆనిక), టూల్ పోస్టు (కోసే టూలును పట్టేది), గేర్ల సెట్టు ఖర్చు కొన్నిసార్లు యంత్రం ధరతో పోటీ పడుతుంది.

1953లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ లేత్‌లు, హరిహర్‌లో తయారైన మైసూర్ కిర్లోస్కర్ లేత్‌లు బరువైన పోతతో, గట్టి బెడ్డుతో నేటికీ పని చేస్తున్నాయి. 1943లో సికింద్రాబాదులో పుట్టిన ప్రాగా టూల్స్ వారి చక్‌లు తెలుగు వర్క్‌షాపులలో బాగా ఎరిగినవే. బటాలా, రాజ్‌కోట్‌లలో తయారైన తేలిక లేత్‌లు చవకగా దొరుకుతాయి. బుష్‌లు, పిన్నులు చేసుకునేవారికి అవి చాలు. పేరు చూసి నమ్మడం మాత్రం తప్పు. పేరున్న యంత్రమే ఎక్కువ షిఫ్టులు తిరిగి ఉంటుంది, పేరు పలకను ఒక యంత్రం నుంచి ఊడదీసి మరొకదానికి బిగించడమూ కష్టం కాదు. కొత్తగా రంగు వేసిన యంత్రాన్ని చూస్తే ఆ రంగు కింద ఏముందో అడగండి. నూనె మరకలతో ఉన్న యంత్రం తన చరిత్రను దాచుకోదు.

మూడో మెట్టు: నీళ్ళు తాగిన యంత్రాన్ని గుర్తుపట్టడం

ఇది డెల్టాలో కొనేవారికి ప్రత్యేకంగా అవసరమైన పరీక్ష. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు కోనసీమ తుఫాను, 2022 జూలై వరద వంటివి వచ్చినప్పుడు లంకల్లోనూ పల్లపు ఊళ్ళలోనూ వర్క్‌షాపులు మునుగుతాయి. పై తుప్పును రాకి, రంగు వేసి, నూనె పూసిన యంత్రాలు కొన్నాళ్ళకు బజారుకు వస్తాయి. పైకి మెరిసినా లోపల ఒండ్రు మిగిలే ఉంటుంది.

ఒండ్రు ఎక్కడ నిలుస్తుందో అక్కడే చూడాలి. స్పిండిల్‌ను మోసే తల భాగమైన హెడ్‌స్టాకు గేర్‌బాక్సు మూత విప్పి అడుగున వేలు పెట్టి తీయండి. నూనె పాలలా తెల్లబడి ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. వేలికి సన్నని మట్టి గరగరలాడితే యంత్రం మునిగిందని తేలినట్టే. తర్వాత మోటారు టెర్మినల్ పెట్టె మూత లోపలి భాగం, బెడ్డు ముందు వేలాడే యాప్రాన్ కింది అంచు, డ్రిల్లు మిషను టేబులు కింద ఉండే పళ్ళ పట్టీ, బోల్టుల తలల వెనుక మూలలు చూడండి. ఒకే ఎత్తులో అన్ని భాగాల మీద అడ్డంగా సాగిన తుప్పు గీత కనిపిస్తే అది నీటిమట్టం. మంచినీటి వరదలో మునిగి, వెంటనే విప్పి శుభ్రం చేసిన యంత్రాన్ని తగ్గిన ధరకు తీసుకోవచ్చు. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పునీరు తగిలిన యంత్రంలో బేరింగులన్నీ మార్చడానికీ, మోటారు తిరిగి చుట్టించడానికీ సిద్ధపడాలి. బెడ్డు మీద గుంటలు పడి ఉంటే ఇక దాని జోలికి పోకూడదు.

నాలుగో మెట్టు: లేత్ పరీక్ష

వెంట డయల్ గేజి (అతి సన్నని కదలికను సూదితో చూపేది), అయస్కాంతపు స్టాండు, మైక్రోమీటరు, ఫీలర్ గేజి (సందులు కొలిచే సన్నని రేకులు), టార్చి, గుడ్డ, మీరు రోజూ వాడే లోహపు కమ్మీ ముక్క ఒకటి తీసుకువెళ్ళండి. అమ్మేవారి దగ్గరున్న మెత్తని ఇత్తడి ముక్క మీద ఏ లేత్ అయినా అందంగానే కోస్తుంది.

మొదట కరెంటు లేకుండా చూడాలి. లేత్ బెడ్డు చక్ దగ్గర ఎక్కువగా అరుగుతుంది, ఎందుకంటే పని అంతా అక్కడే జరుగుతుంది. టూలును మోస్తూ బెడ్డు మీద జరిగే సాడిల్‌ను చక్ దగ్గరకు తెచ్చి, కొంచెం బిగువుగా కదిలేంతవరకు దాని పట్టీని సర్దండి. అదే బిగువుతో, చక్‌కు ఎదురు కొసనున్న టెయిల్‌స్టాకు వైపు తిప్పుకుంటూ పోండి. చివరకు వెళ్ళేసరికి బిగుసుకుపోతే బెడ్డు చక్ దగ్గర అరిగిందని అర్థం. స్వల్పంగా బిగుసుకోవడం సహజమే. చక్రం తిప్పలేనంతగా పట్టేస్తే బెడ్డును గ్రైండింగ్ చేయించాలి, ఆ పనికి పెద్ద ఊరికి తరలించాలి, రాను పోను ఖర్చు యంత్రం విలువనే మింగేస్తుంది. వేలి గోరును బెడ్డు అంచు మీదుగా అడ్డంగా జరిపినా, అరిగిన భాగానికీ అరగని భాగానికీ మధ్య మెట్టు తెలుస్తుంది.

స్పిండిల్ పరీక్షకు చక్ విప్పించాలి. విప్పనివ్వని అమ్మకందారుతో బేరం కొనసాగించనక్కరలేదు. లోపలి టేపరును గుడ్డతో తుడిచి డయల్ ఆనించి చేత్తో తిప్పండి. సూది 0.01 నుంచి 0.02 మి.మీ. లోపు కదిలితే సంతోషించవచ్చు. తర్వాత చక్ తిరిగి బిగించి, రెండడుగుల కర్రను దానిలో పట్టించి, డయల్‌ను స్పిండిల్ మీద ఆనించి, కర్రను పైకెత్తి వదలండి. సూది ఎంత లేచిందన్నది బేరింగులలోని వదులు. టేపర్ రోలర్ బేరింగులైతే నట్టు బిగించి సర్దుకోవచ్చు, లేదా మార్చుకోవచ్చు. పాతకాలపు కంచు బుష్‌లైతే కొత్తవి పోయించి, బోరు చేయించి, జాగ్రత్తగా కూర్చాలి. అది చేయగల మేస్త్రి మీ ఊళ్ళో ఉన్నారో లేదో ముందే తెలుసుకోండి.

మరలు కోసేటప్పుడు క్యారేజీని (సాడిల్, యాప్రాన్ కలిసిన భాగాన్ని) నడిపే లీడ్ స్క్రూ మరలను చక్ వైపు ఒకసారి, టెయిల్‌స్టాకు వైపు చివర ఒకసారి చూసి పోల్చండి. చివర మరలు దాదాపు కొత్తవిగానే ఉంటాయి కనుక, చక్ దగ్గర మర మొన ఎంత పలచబడిందో వెంటనే తెలుస్తుంది. ఆ స్క్రూను పట్టుకునే హాఫ్ నట్టు వేసి క్యారేజీని ముందుకూ వెనక్కూ ఊపితే కలిసి ఉన్న వదులు బయటపడుతుంది; హాఫ్ నట్టు కొత్తది చేసుకోవచ్చు. టూలును అడ్డంగా జరిపే క్రాస్ స్లయిడ్ చేతి చక్రం పావు చుట్టు దాకా ఖాళీగా తిరిగినా భయపడనక్కరలేదు, కంచు నట్టు మారిస్తే చాలావరకు తగ్గుతుంది. గేర్ల మూత తీసి ప్రతి పన్నూ చూడండి. ఎక్కడైనా పసుపు రంగు గీత కనిపిస్తే విరిగిన పన్నును ఇత్తడితో అతికించారని అర్థం. వేగం తగ్గించి బలం పెంచే బ్యాక్ గేరులో అలాంటి పన్ను ఉంటే పెద్ద వ్యాసాల పనిలో అది మళ్ళీ విరుగుతుంది.

పాత లేత్‌లలో చాలావాటి లీడ్ స్క్రూ అంగుళానికి నాలుగు మరలది. దానితో మెట్రిక్ మరలు కచ్చితంగా కోయాలంటే 127 పళ్ళ గేరు కావాలి. ఆ గేరు సెట్టులో ఉందో లేదో లెక్కపెట్టి మరీ చూసుకోండి. అది ఉన్నా, అంగుళాల లీడ్ స్క్రూ మీద మెట్రిక్ మర కోసేటప్పుడు హాఫ్ నట్టును మధ్యలో విప్పకూడదు. పని పూర్తయ్యేవరకు వేసే ఉంచి, మోటారును వెనక్కు తిప్పి క్యారేజీని మొదటికి తెచ్చుకోవాలి.

ఇక కరెంటు పెట్టించండి. తక్కువ వేగంతో మొదలుపెట్టి అన్ని వేగాలూ వినండి. ఒక్క వేగంలోనే లయగా టక్కుటక్కుమంటే ఆ గేరులో ఒక పన్ను చెడింది. అన్ని వేగాలలోనూ గరగర వస్తే బేరింగు. చివరగా, సుమారు 40 మి.మీ. కమ్మీని చక్‌లో పట్టించి 150 మి.మీ. బయటకు ఉంచండి. టెయిల్‌స్టాకు ఆనించకుండా మధ్య భాగాన్ని కొద్దిగా తగ్గించి, రెండు కొసలలో రెండు పట్టీలు మిగల్చండి. ఒకే కోతగా, 0.1 మి.మీ. లోతుకు మించకుండా ఆ రెండు పట్టీలనూ కోసి మైక్రోమీటరుతో కొలవండి. రెండింటి తేడా 0.02 లేదా 0.03 మి.మీ. లోపు ఉంటే మన పనులకు యంత్రం సరిపోతుంది. అంతకు మించితే వెంటనే తిరస్కరించకండి: నేల సమంగా లేక బెడ్డు మెలిపడినా ఇదే తేడా వస్తుంది, దాన్ని లెవెలు సర్ది సరిచేయవచ్చు. సాడిల్ బిగుసుకోవడం, స్పిండిల్ ఊగడం, ఈ తేడా మూడూ కలిసి కనిపిస్తే మాత్రం యంత్రం ఆయుష్షు తీరినట్టే.

మూడు దవడల చక్‌ను కొనేముందు దవడల మీద, గాళ్ళ మీద ఉన్న 1, 2, 3 అంకెలు కలుస్తున్నాయో లేదో చూసి, నున్నటి పొట్టి కమ్మీని పట్టించండి. దవడల లోపలి మొదలు మాత్రమే పట్టి, బయటి కొస వదులుగా ఉంటే అవి గంట మూతిలా విచ్చుకున్నాయి; కమ్మీ పనిలో ఊగుతుంది. లోపలి పట్టు దవడలు, బయటి పట్టు దవడలు రెండు జతలూ ఉండాలి.

ఐదో మెట్టు: డ్రిల్లు మిషను

దీని పరీక్ష చిన్నది. స్పిండిల్‌ను పూర్తిగా కిందికి దించి పక్కలకు ఊపండి. కొట్టొచ్చినట్టు కదిలితే దాని గొట్టం అరిగింది, దాన్ని సరిచేయడం కష్టం. బిట్టు కూర్చునే మోర్స్ టేపరు రంధ్రంలో వేలు పెట్టి గీతలు, గంట్లు ఉన్నాయేమో తడిమి చూడండి. బిట్టు అందులో జారి తిరిగినప్పుడల్లా గీత పడుతుంది, అలా గంట్లు పడిన రంధ్రం మళ్ళీ మళ్ళీ జారుతుంది. టేబులు మీద పాత రంధ్రాలు ఎన్ని ఉన్నా పట్టించుకోనక్కరలేదు.

ఆరో మెట్టు: మోటారు, కరెంటు

మోటారు పేరు పలక మీద హెచ్‌పీ, వోల్టులు, ఆంపియర్లు, స్టారా డెల్టానా (వైండింగు తీగలను కలిపే రెండు పద్ధతులు) అన్నది రాసి ఉంటుంది. 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషను కొలిచే మీటరుతో) వైండింగుకూ ఒంటికీ మధ్య చూస్తే కనీసం ఒక మెగోమ్ రావాలి. వానాకాలంలో గోడౌనులో పడి ఉన్న మోటారు తడి వల్ల తక్కువ చూపితే, ఎండబెట్టి మళ్ళీ చూడాలి. క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల ఆంపియర్లూ కొలవండి. మూడూ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా తేడా ఉంటే వైండింగు చెడి ఉండవచ్చు. మోటారు వైండింగ్ షాపు లేని ఊరు గోదావరి డెల్టాలో అరుదు కనుక, ఈ లోపం యంత్రాన్ని వదులుకునేంతది కాదు, ధర తగ్గించుకునేంతది.

ఇంట్లో సింగిల్ ఫేజు మాత్రమే ఉండి, త్రీ ఫేజు మోటారు ఉన్న లేత్ దొరికితే వీఎఫ్‌డీ (మోటారుకు త్రీ ఫేజు కరెంటు ఇస్తూ వేగాన్ని సర్దే పరికరం) పెట్టుకోవచ్చు. 230 వోల్టుల సింగిల్ ఫేజు తీసుకుని 230 వోల్టుల త్రీ ఫేజు ఇచ్చే వీఎఫ్‌డీతో మోటారు పూర్తి బలం ఇవ్వాలంటే, ఆ మోటారు 415 వోల్టులకు స్టార్‌లో కలిపినదై ఉండాలి, ఆరు తీగలూ టెర్మినల్ పెట్టెలోకి వచ్చి ఉండాలి. అప్పుడు దాన్ని డెల్టాలోకి మార్చి నడపవచ్చు. మన దేశపు మోటార్లలో మూడు హెచ్‌పీ లోపువి చాలావరకు స్టార్‌లో ఉంటాయి. అంతకంటే పెద్దవి సాధారణంగా 415 వోల్టులకే డెల్టాలో ఉంటాయి కనుక ఈ ఉపాయం వాటికి కుదరదు. వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య స్విచ్చి పెట్టి యంత్రం నడుస్తుండగా తెంపితే వీఎఫ్‌డీ కాలిపోవచ్చు. ఆన్, ఆఫ్, వెనుకకు తిప్పడం అన్నీ దాని కంట్రోలు తీగల ద్వారానే జరగాలి.

త్రీ ఫేజు ఉన్నవారు ఒక ఫేజు పోయినప్పుడు మోటారును ఆపే రక్షణ ఉన్న స్టార్టరు తప్పక పెట్టుకోండి. గాలివానకు ఒక ఫేజు తెగి, మిగిలిన రెండింటి మీద మోటారు మూలుగుతూ కాలిపోవడం మన ఊళ్ళలో మామూలుగా జరిగే నష్టం.

ఏడో మెట్టు: చేతి గ్రైండర్లు, డ్రిల్లులు

చేతి యంత్రాలలో కొనదగినవి తక్కువ. కొత్తదాని ధరకూ పాతదాని ధరకూ తేడా స్వల్పంగా ఉంటే కొత్తదే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. పాతదే కొనవలసివస్తే మొదట గాలి బయటకు వచ్చే రంధ్రాల దగ్గర వాసన చూడండి. కాలిన వార్నిషు వాసన వస్తే ఆర్మేచరు (మోటారు లోపల తిరిగే చుట్ట) చెడింది, దాని ధర యంత్రం ధరలో పెద్ద భాగం. చీకటిలో నడిపితే బ్రష్‌ల దగ్గర చిన్న నీలి మెరుపులు కనిపించడం సహజం. బ్రష్‌లు ఆనే కమ్యుటేటరు చుట్టూ నిప్పుల ఉంగరంలా తిరిగితే వద్దు. బ్రష్‌లు అరిగి ఉంటే మార్చుకోవచ్చు. గార్డు, పక్క పిడి లేని గ్రైండరును ఎంత చవకైనా కొనకండి. గార్డు తీసేసి వాడారంటే దానికి మించిన చక్రం బిగించి వాడి ఉండవచ్చు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. 100 మి.మీ. చక్రం అంచు అప్పుడు సెకనుకు దాదాపు 58 మీటర్ల వేగంతో పోతుంది. దానికే 180 మి.మీ. చక్రం బిగిస్తే అంచు వేగం సెకనుకు 100 మీటర్లు దాటుతుంది, ఆ చక్రాలు మామూలుగా 80 మీటర్లకే తయారవుతాయి. చెక్క కోసే పళ్ళ బ్లేడును గ్రైండరుకు బిగించడం మరీ ప్రమాదం. తలుపుల పనిలో ఈ అలవాటు వల్ల వేళ్ళు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

బ్యాటరీ యంత్రాలను పాతవిగా కొనకపోవడమే మంచిది. వాటి విలువలో ఎక్కువ భాగం బ్యాటరీదే, దాని వయసు పైకి కనిపించదు.

ఎనిమిదో మెట్టు: కోసే సామాను

పాత సామానులో నిజమైన లాభం ఇక్కడే ఉంది. పాత హైస్పీడ్ స్టీలు (వేడెక్కినా పదును నిలిచే ఉక్కు) బిట్లు, రీమర్లు (రంధ్రాన్ని నున్నగా సరిచేసేవి), టూల్ బిట్లు తూకానికి దొరికినప్పుడు ఏరుకోవడం తెలిసినవారికి అది పండగే. ఏరేటప్పుడు మొదట షాంకు (యంత్రం పట్టుకునే తోక భాగం) చూడండి: టేపరు షాంకు మీద గంట్లు ఉన్నా, పైభాగపు నాలుక మెలిపడి ఉన్నా పక్కన పెట్టండి. మొన మొద్దుబారితే సానపెట్టుకోవచ్చు, షాంకు చెడితే బాగుపడదు. సానరాయి మీద ఆనిస్తే హైస్పీడ్ స్టీలు ముదురు నారింజ రంగు నిప్పురవ్వలను కొద్దిగా, మసకగా విడుస్తుంది, మామూలు కార్బన్ స్టీలు తెల్లగా పగిలే పువ్వుల్లాంటి రవ్వలు విడుస్తుంది. కార్బన్ స్టీలు బిట్టు మొన నీలంగా మారి ఉంటే పదును పోయినట్టే. హైస్పీడ్ స్టీలుకు ఆ నీలం రంగు వల్ల నష్టం లేదు.

ట్యాపుల (రంధ్రం లోపల మరలు కోసే పనిముట్ల) విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మన పాత పంపులలో, మిల్లు యంత్రాలలో బీఎస్‌డబ్ల్యూ (పాత బ్రిటిష్ అంగుళాల కొలత) మరలు ఇంకా ఉన్నాయి. వాటి కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. అర అంగుళం బీఎస్‌డబ్ల్యూకు అంగుళానికి 12 మరలు, ఎం12 (12 మి.మీ. మెట్రిక్) ట్యాపుకు 1.75 మి.మీ. పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం). రెండూ చూడడానికి ఒకేలా ఉన్నా ఒకదానిలో మరొకటి బలవంతంగా తిప్పితే పోత చీలుతుంది. థ్రెడ్ గేజి లేకుండా ట్యాపుల పెట్టె కొనకండి. ఒక పన్ను విరిగిన ట్యాపును ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, అది మీ పనిముక్కలోనే విరిగి మిగిలిపోతుంది.

సానరాళ్ళు, కటింగ్ చక్రాలు మాత్రం ఎప్పుడూ పాతవి కొనకూడదు. రెసిన్‌తో తయారైన చక్రాలకు గడువు ఉంటుంది, మధ్యలోని లోహపు ఉంగరం మీద అది ముద్రించి ఉంటుంది. తేమకు రెసిన్ బలహీనపడుతుంది, మన గాలిలో తేమకు కొదవలేదు. బెంచి గ్రైండరుతో పాటు రాయి వస్తే దాన్ని విప్పి, వేలాడదీసి, స్క్రూడ్రైవరు చెక్క పిడితో మెల్లగా తట్టండి. గలగలమని మోగితే సరే, మొద్దు శబ్దం వస్తే లోపల పగులు ఉంది, పగలగొట్టి పారేయండి. రాయి మీద రాసిన చుట్ల సంఖ్య గ్రైండరు చుట్ల కంటే ఎక్కువ ఉండాలి. బిగించాక ఆనిక పట్టీకీ రాయికీ మధ్య 3 మి.మీ. మించి ఖాళీ ఉంచకండి. మొదటి నిమిషం పక్కకు నిలబడి ఖాళీగా తిప్పండి.

తొమ్మిదో మెట్టు: బేరం, రసీదు

కనిపించిన లోపాలకు మార్చే భాగాల ధర, కూలి రాసి, రవాణా, కరెంటు పని, తక్కువ పడిన సామాను ఖర్చు కలపండి. మంచి స్థితిలో ఉన్న అలాంటి పాత యంత్రం ధర నుంచి ఆ మొత్తం తీసేశాక మిగిలే ధరే యంత్రానికి మీరు ఇవ్వగలిగేది. ధర, ఖర్చులు కలిపి కొత్త యంత్రం ధరలో సగం దాటుతున్నట్టయితే మరోసారి ఆలోచించండి.

రసీదు తప్పనిసరి. యంత్రం పేరు, సీరియల్ నంబరు, మోటారు నంబరు, అమ్మినవారి పూర్తి పేరు, చిరునామా, తేదీ, మొత్తం అందులో ఉండాలి. జీఎస్‌టీ ఉన్న వ్యాపారి అయితే బిల్లు అడగండి. నంబరు రాకేసిన చేతి యంత్రాలను అస్సలు ముట్టుకోకండి. దొంగ సొత్తని తెలిసీ, లేదా అనుమానించదగిన కారణం ఉండీ కొన్నవారిని భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద శిక్షించవచ్చు.

పదో మెట్టు: తరలింపు, పునాది

లేత్‌కు తల బరువు ఎక్కువ, అందుకే పక్కకు ఒరుగుతుంది. చక్ విప్పి, టెయిల్‌స్టాకు బిగించి, సాడిల్‌ను బరువు సమంగా ఉండే చోటికి జరిపి, బెడ్డు కింద నుంచి మోకు వేసి ఎత్తాలి. లీడ్ స్క్రూకు మోకు తగలకుండా మధ్యలో చెక్క ముక్కలు అడ్డం పెట్టండి. ఒక్కసారి వంగిన లీడ్ స్క్రూ జీవితాంతం మరలను పాడు చేస్తుంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) మీదుగానో, లంక ఊళ్ళకు పడవ మీదుగానో తీసుకువెళ్ళవలసివస్తే, వాహనంలోనే కిందికి బోల్టులతో బిగించిన చెక్క దూలాల మీద ఉంచి నాలుగు వైపులా గొలుసులు లాగి కట్టించండి. రేవులో వాహనం దిగే వాలు దగ్గర యంత్రం పక్కన మనిషి నిలబడకూడదు.

డెల్టా నల్లమట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. అందువల్ల పలచని గచ్చు మీద పెట్టిన లేత్ ఏడాదిలో లెవెలు తప్పుతుంది. మట్టి తవ్వి ఇసుక, కంకర కూరి, పైన ఇనుప చువ్వలతో మందపాటి కాంక్రీటు దిమ్మె పోయించండి. మీ వీధిలో గతంలో నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో పెద్దవారిని అడిగి, దిమ్మెను ఆ మట్టానికి పైకి లేపగలిగితే లేపండి. కుదరకపోతే మోటారునూ స్టార్టరునూ అయినా ఎత్తులో అమర్చండి. మీటరుకు 0.02 మి.మీ. తేడా చూపే స్పిరిట్ లెవెలుతో బెడ్డు రెండు కొసలలో అడ్డంగా చూసి, కింద రేకు ముక్కలతో సర్దాలి. తాపీమేస్త్రి లెవెలు ఈ పనికి చాలదు.

పదకొండో మెట్టు: తిప్పడం, కోయడం, కాపాడడం

మొదటిసారి తిప్పే ముందు గేర్‌బాక్సు నూనె తీసేసి, కిరసనాయిలుతో కడిగి, పలక మీద చెప్పిన నూనె పోయండి. పలక లేకపోతే హెడ్‌స్టాకుకూ స్లయిడ్లకూ వీజీ 68 (చిక్కదనపు గ్రేడు) నూనె సాధారణంగా సరిపోతుంది. కొబ్బరి నూనె చేతికి అందుబాటులో ఉందని స్లయిడ్లకు రాయకండి: అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, పాతబడితే పుల్లబడి ఇనుమును తింటుంది. తక్కువ వేగంలో అరగంట నడిపి స్పిండిల్ బేరింగుల దగ్గర చేయి పెట్టండి. చేయి నిలవలేనంత వేడెక్కితే బేరింగు బిగువు తగ్గించాలి.

వేగానికి లెక్క సులువు: కోత వేగాన్ని నిమిషానికి మీటర్లలో తీసుకుని 320తో గుణించి, వ్యాసం మిల్లీమీటర్లతో భాగిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. హైస్పీడ్ స్టీలుతో మెత్తటి ఇనుముకు 25 మీటర్లు, స్టెయిన్‌లెస్‌కు 10 నుంచి 15 మీటర్లు తీసుకోవచ్చు. అంటే 10 మి.మీ. బిట్టు ఇనుములో 800 చుట్లు తిరగాలి, 25 మి.మీ. స్టెయిన్‌లెస్ షాఫ్టును 130 నుంచి 190 చుట్లతో కోయాలి. స్టెయిన్‌లెస్‌లో టూలు కోయకుండా రాసుకుంటే పైపొర గట్టిపడి తర్వాతి కోత అసాధ్యమవుతుంది. కాబట్టి వేగం తగ్గించి, ఫీడు (టూలు ముందుకు జరిగే నడక) మాత్రం ధైర్యంగా ఇవ్వాలి.

లుంగీతో, మెడలో కండువాతో, చేతికి తొడుగులతో లేత్ దగ్గరకూ డ్రిల్లు దగ్గరకూ ఎవరూ రాకూడదు. తిరిగే షాఫ్టు గుడ్డను పట్టుకుంటే మనిషి వెనక్కు లాక్కునే సమయం ఉండదు. చక్ తాళాన్ని చక్‌లో వదిలి చేయి తీయకూడదన్న నియమాన్ని కుర్రవాళ్ళకు మొదటి రోజే నేర్పండి. తడి నేల మీద పని చేసే మన ప్రాంతంలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంపే స్విచ్చి) లేకుండా చేతి యంత్రాలు నడపడం ప్రాణంతో చెలగాటం. ఉప్పు నేలల్లో ఎర్త్ పైపు త్వరగా తినుకుపోతుంది కనుక ఏటా దాన్ని పరీక్ష చేయించండి.

తుప్పు పట్టిన వైసులు, స్పానర్ల వంటివాటికి విద్యుత్ పద్ధతి బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ తొట్టెలో లీటరు నీటికి 15 గ్రాముల చొప్పున చాకలి సోడా కలిపి, 12 వోల్టుల ఛార్జరు మైనస్ తీగను తుప్పు వస్తువుకూ ప్లస్ తీగను పాత ఇనుప రేకుకూ కలిపి, రెండూ తగలకుండా ముంచండి. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ రేకు పెడితే విషపు క్రోమియం నీటిలో చేరుతుంది కనుక అది నిషిద్ధం. మండే వాయువు వెలువడుతుంది, ఆరుబయటే చేయాలి. ట్యాపులు, స్ప్రింగుల వంటి గట్టి స్టీలు వస్తువులను ఇందులో వేయకండి, అవి పెళుసుబారతాయి. తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి నూనె పూయకపోతే గంటలోపే కొత్త తుప్పు మొదలవుతుంది.

రోజూ సాయంత్రం పొట్టు ఊడ్చి బెడ్డుకు నూనె పూయండి. మొదటి వానాకాలం పూర్తయ్యాకా, మళ్ళీ మే నెల ఎండల్లోనూ బెడ్డు లెవెలు చూసి, నాలుగో మెట్టులో చెప్పిన రెండు పట్టీల కోత మళ్ళీ కోసి, తేదీతో సహా కొలతలను గేర్ల మూత లోపలి వైపు రాసి ఉంచండి.